కామెర్లని చెప్పుకున్న ఆరు నెలలు

ముందు జబ్బు పేరు రాసేస్తాను, ఎందుకంటే అప్పట్లో మా ఇంట్లో ఎవరూ దాన్ని పైకి అనలేదు. టీబీ. ఊపిరితిత్తులకి వచ్చింది. 2011 వేసవి చివర్లో మొదలై, మరుసటి ఏడాది మొదట్లో వదిలింది. ఇప్పుడు బాగానే ఉన్నాను, మెట్లెక్కినా ఆయాసం రాదు. మందుల గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే, మానకుండా వేసుకుంటే పనిచేస్తాయి. ఇది రాస్తున్నది ఆ గది గురించి. ఎవరైనా ఇప్పుడు అలాంటి గదిలో ఉంటే పనికొస్తుందేమో. లేదా వాళ్ళని ఆ గదిలో పెట్టినవాళ్ళకి.

జూన్, జూలై

మేము ఎల్బీనగర్‌లో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా ఊరు తెనాలి దగ్గర. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో లెక్కలు చూసేవారు. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలవాళ్ళకి రీజనింగ్ చెప్పేదాన్ని. గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు, సీతకి ఎడమ పక్కన ఎవరున్నారు, ఆ బాపతు. మైకు లేదు, గొంతు చించుకోవాల్సిందే. దగ్గొస్తే సుద్దముక్క పొడి అనుకున్నాను. సాయంత్రాలు జ్వరమొస్తే బస్సులో నిలబడ్డ అలసట అనుకున్నాను. చుడీదార్లు వదులైతే సంతోషించాను కూడా. కారణాలు వెతికి చెప్పడమే నా ఉద్యోగం, నా దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైందో.

మామూలు ఆసుపత్రిలో కూర్చుంటే పక్కనావిడ మన జాతకమంతా అడుగుతుంది. ఛాతీ డాక్టరు దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అందరి నోళ్ళకీ చేతిరుమాళ్ళు, అందరి చూపూ నేల మీదే. నాన్న మాత్రం పదే పదే "ఏముండదమ్మా, ఊరికే చూపిద్దాం" అంటూ కూర్చున్నారు. లోపలికెళ్ళి వచ్చాక ఆ మాట మళ్ళీ అనలేదు.

డాక్టరు చెప్పినవి మూడు. ఆరు నెలలు మందులు. మొదట్లో కొన్ని వారాలు ఎడంగా ఉంటే చాలు, తర్వాత అందరితో కలిసి ఉండొచ్చు. గుడ్లు, మాంసం బాగా పెట్టండి. అమ్మకి వినబడింది "ఎడంగా" అన్న ఒక్క మాటే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే నిర్ణయం చేసేసింది.

"ఏమండీ, కామెర్లని చెబుదాం."

"ఎందుకే?"

"ఎందుకేంటి? పెళ్ళి కావాల్సిన పిల్ల. ఆపైన ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఈ ఒంటితో దీన్నెక్కడికి తీసుకుపోతాం? అసలే గొడవలు. మనవాళ్ళంటే ఇల్లివ్వడానికి ఇప్పుడెవరైనా ముందుకొస్తున్నారా?"

గొడవలంటే ప్రత్యేక తెలంగాణ కోసం జరుగుతున్న ఉద్యమం. రోజూ ఏదో ఒక ఊరేగింపు, ఏదో ఒక బంద్. మమ్మల్ని ఎవరూ ఒక్క మాటన్నది లేదు. అయినా ఆంధ్రా నుంచి వచ్చిన మా బంధువులు నలుగురు కలిస్తే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

మా ఇంటి ఓనరు సుగుణమ్మగారిది నల్గొండ వైపు పల్లె. పొడుగు మనిషి, గొంతు ఇంకా పొడుగు. ఆదివారం చర్చి తప్పదు, వీధిలో ఏ ఊరేగింపూ తప్పదు. భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పొద్దస్తమానం గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. మేం దిగి నాలుగేళ్ళయినా మాతో ఒక్క మాట మాట్లాడలేదు. నమస్తే అంకుల్ అంటే తల ఊపడం, అంతే. ఆయనకి మనమంటే పడదని నాన్న ఎప్పుడో తేల్చేశారు.

ఆ సాయంత్రం సుగుణమ్మగారు పైకొచ్చి గది గుమ్మంలో నిలబడి నన్ను తేరిపార చూశారు.

"ఏమైంది బిడ్డా, గట్ల చిక్కినవ్?"

"కామెర్లండీ," అంది అమ్మ నా బదులు.

ఆవిడ ఇంకాసేపు చూశారు. "అట్లనా. మంచిగ రెస్టు తీస్కో," అని దిగిపోయారు. అమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఆగస్టు

అబద్ధం ఆడేటప్పుడు దానికో పథ్యం ఉంటుందని మాకు తట్టలేదు. మన ఇళ్ళల్లో కామెర్లంటే ఏం పెడతారు? మజ్జిగన్నం, చెరుకురసం. నూనె, పోపు, నీచు వాసన కూడా తగలకూడదు. డాక్టరేమో గుడ్లు, మాంసం అన్నాడు. ఎదురింటి కరుణగారు ఎప్పుడొస్తుందో తెలీదు. కామెర్ల మనిషి ఇంట్లోంచి మాంసం కూర ఘుమఘుమ వస్తే ఆవిడ వీధంతా చాటుతుంది. అందుకని అమ్మ కిటికీలన్నీ మూసి, అగరొత్తులు వెలిగించి గుడ్లు ఉడకబెట్టేది. పెంకులు నాన్న తన లంచ్ డబ్బా అడుగున పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళి అక్కడి చెత్తకుండీలో పడేసేవారు. లెక్కలు చూసే పెద్దమనిషి దొంగసరుకు మోసినట్టు పెంకులు మోయడం చూస్తే నాకు నవ్వొచ్చేది. నవ్వితే దగ్గొచ్చేది.

పైగా కామెర్లు నెలలో తగ్గాలి కదా. నాకు తగ్గలేదు. "తిరగబెట్టాయి" అని అమ్మ మరో అబద్ధం అల్లింది. కరుణగారు పసరు పోయిస్తానంటే డాక్టరు వద్దన్నాడని ఇంకోటి. మందులకి దగ్గర్లోని సెంటరుకి వెళ్తే తెలిసినవాళ్ళు చూస్తారని మలక్‌పేట వైపు వెళ్ళేవాళ్ళం. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే బస్సెక్కి, అక్కడి సిస్టరు ముందు గోళీలు మింగి రావాలి. ఆవిడ నీళ్ళ గ్లాసు నింపి పట్టుకుని "ఒక్కొక్కటే ఏస్కో తల్లీ, తొందరేం లేదు" అనేది. వారంలో నాతో నిదానంగా మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

ఇంట్లో నా కంచం, గ్లాసు వేరు. అమ్మ తలుపు దగ్గర కంచం పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి "తిను" అనేది. డాక్టరు చెప్పిన వారాలు దాటిపోయినా ఆ రెండడుగులు తగ్గలేదు. అమ్మది ప్రేమ కాదని నేననను. రోజూ నా దుప్పటి ఉడకబెట్టి ఉతికింది. కానీ దుప్పటిని ముట్టుకున్నంత దగ్గరగా నన్ను ముట్టుకోలేదు.

అప్పుడొచ్చింది ఆ డబ్బా. కోచింగ్ సెంటర్లో ఎంసెట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే అన్వర్ గేటు దాకా వచ్చి నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. పౌడరు డబ్బాలా తెరుచుకునే చేతి గేమ్, పైనొక తెర, కిందొక తెర, గీయడానికి చిన్న పుల్ల. ఫోన్ చేసి "లోపల డిటెక్టివ్ ఆట ఉంది, నీ సబ్జెక్టే, టైంపాస్ అయితది" అన్నాడు.

కథ ఒక దీవి మీద. అక్కడ లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే ముసలాయన చచ్చిపడి ఉంటాడు. తుఫానుకి పడవలు ఆగిపోయి సత్రంలో కొందరు ఇరుక్కుపోతారు. నేను డిటెక్టివ్‌ని. ఒక్కొక్కరినీ ప్రశ్నించాలి. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందో పట్టుకుని, నా సంచిలోంచి దానికి తగ్గ సాక్ష్యం తీసి చూపించాలి. తప్పు చూపిస్తే మూలనున్న టీ కప్పులో ఒక గుక్క తగ్గుతుంది. కప్పు ఖాళీ అయితే ఆ ఘట్టం మళ్ళీ మొదటికి. మధ్యమధ్యలో అగ్గిపుల్లల చిక్కుముళ్ళు, పడవ దాటించే లెక్కలు వచ్చేవి. అవి నాకు మంచినీళ్ళు. మనుషుల దగ్గరే కప్పు ఖాళీ అయ్యేది.

మాటలన్నీ ఇంగ్లీషులో అక్షరాలే, గొంతు ఉండదు. మొదట్లో మనసులోనే చదువుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం, పొద్దుట్నుంచి నా నోట ఒక్క మాట కూడా రాలేదని గుర్తొచ్చింది. అమ్మ అడిగినవాటికి తల ఊపి ఊరుకున్నాను. భయమేసింది. అప్పట్నుంచి ఆటలో మాటల్ని తెలుగు చేసి పైకి చదవడం మొదలుపెట్టాను. సత్రం యజమానికి బొంగురు గొంతు, పడవవాడికి ముక్కుతో మాట, డాక్టరమ్మకి మా ప్రిన్సిపాల్ యాస. కిటికీ పక్కన కూర్చుని ఒక్కదాన్నే నాటకం ఆడేదాన్ని. ఎవరైనా చూస్తే జబ్బు తలకెక్కిందనేవాళ్ళు.

సెప్టెంబరు

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, కోచింగులు మూశారు, బొగ్గు లేదని కరెంటు తీసేవాళ్ళు. ఎల్బీనగర్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్ళు. డప్పులు మా గదిలోకి వినబడేవి. ఊరంతా రోడ్డు మీద ఒక్కచోట కూర్చుని తింటోంది, నేను తలుపు దగ్గర కంచం ముందు కూర్చున్నాను. ఆ రోజులంత ఒంటరితనం నాకు మళ్ళీ రాలేదు. కరెంటు లేక ఆటడబ్బా చార్జింగ్ అయిపోతే, తెర నల్లబడి అందులో నా మొహమే కనిపించేది. మొహంలో బుగ్గలు లేవు.

ఆట నేర్పిన బుద్ధి ఊరికే పోదు కదా, కిటికీలోంచి కింద వాటాని గమనించడం మొదలుపెట్టాను. సుగుణమ్మగారి మనవరాలు రోజూ పైకొచ్చి నా దగ్గర ఎక్కాలు చదివేది, ఇప్పుడు మొదటి మెట్టు మీదే ఆపేస్తున్నారు. ఇది ఒకటి. మెట్ల కింద ఎప్పుడూ పడుండే "టు లెట్" బోర్డు కడిగి, కొత్తగా రంగేసి ఎండబెట్టారు. ఇది రెండు. మా మెట్ల మీద ఒకరోజు గుడ్డుపెంకు పడితే ఆవిడ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది అంకుల్ కుర్చీ. నాలుగేళ్ళుగా గేటు పక్కనుండే కుర్చీ జరిగి నా కిటికీ కిందకొచ్చింది. మధ్యాహ్నాలు ఆయన అక్కడే, గోడకి చెవానించినట్టు కూర్చునేవారు. నా దగ్గు లెక్కపెడుతున్నారని తేల్చాను.

అన్నీ అతికాయి. నాన్నని పిలిచి, గుమ్మం అవతల నిలబెట్టి, పిల్లలకి లెక్క చెప్పినట్టు వరసగా చెప్పాను. వాళ్ళకి తెలిసిపోయింది, ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. నాన్న మర్నాడే బస్సులు లేకపోయినా చంపాపేట్ నడిచి వెళ్ళి ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. వయసైన మనిషి, ఎండలో తిరిగొచ్చి "ఒకటుంది కానీ, మనదేవూరని అడిగారమ్మా" అని చెప్పులు విప్పేవారు. అమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నా వల్లే కదా అని నాకు ముద్ద దిగేది కాదు.

అక్టోబరు

అదొక బుధవారం. అప్పటిదాకా సమ్మెలో కూడా షేరాటోలు పట్టుకుని ఎలాగో వెళ్ళొస్తున్నాం. ఆ రోజు రోడ్లన్నీ బంద్. నాన్న రెండుసార్లు మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి ఉత్తచేతులతో వచ్చారు. నడిచి వెళ్ళే ఓపిక నాకు లేదు. ముగ్గురం హాల్లో ఎవరి మూల వాళ్ళు కూర్చున్నాం. అప్పుడు సుగుణమ్మగారు పైకొచ్చారు. భుజాన గులాబీ కండువా ఉంది.

"ఇయ్యాల బుధారం గద. దవాఖానకు పోతలేరా?"

"దవాఖానేంటండీ?" అంది అమ్మ.

"సోమారం, బుధారం, శుక్రారం. పొద్దుగాల పోతరు గద. మా ఆయన్ని గట్లనే తిప్పిన నేను. ఒక్కటి తప్పినా మంచిగుండదు. లెవ్వుండ్రి, మా అక్క కొడుకు ఆటో తెచ్చిండు."

అమ్మ లేచి ఒకడుగు ముందుకొచ్చింది. "మీకెప్పుడు తెలిసిందండీ?"

"మీరు కామెర్లని చెప్పిన నాడే. కామెర్లొచ్చిన పిల్ల కండ్లు పచ్చగుండాలె గద. ఈ పిల్ల కండ్లు మల్లెపూల లెక్కున్నయ్."

ఆరుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టే నాకు, రోజూ అద్దంలో చూసుకునే నా కళ్ళు గుర్తుకు రాలేదు.

"మరి ఏమీ అనలేదేంటండీ?" నాన్న అడిగారు.

"మీరు కామెర్లన్నరు. కాదని నేనెందుకంట సార్? పెండ్లి గావాల్సిన పిల్ల."

"బోర్డుకి రంగేశారు..."

"కింద దుకాణం షట్టర్ ఖాళీ అయింది, దానికి." ఆవిడ నా వైపు తిరిగారు. "మా పోరిని మాత్రం నేనే ఆపిన బిడ్డా. చిన్న పిల్ల, భయమైంది. అబద్ధమెందుకు చెప్పాలె."

ఆ మాట నాకు నచ్చింది. ఆ ఇంట్లో నెలల తర్వాత విన్న మొదటి నిజం.

ఆటోకి గులాబీ జెండా కట్టి ఉంది. సుగుణమ్మగారు నా పక్కనే, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నారు. నేను జరగబోతే "ఏడికి జరుగుతవ్, పడతవ్" అని చెయ్యి పట్టుకున్నారు. నెలలైంది ఒకరు నా చెయ్యి పట్టుకుని. చున్నీలో మొహం దాచుకుని ఏడ్చాను. చౌరస్తాలో కుర్రాళ్ళు ఆపితే ఆవిడ తల బయటపెట్టి "నా బిడ్డ, దవాఖానకు పోతున్నం" అన్నారు. వాళ్ళు పక్కకి జరిగారు.

తిరిగొచ్చేటప్పుడు చెప్పారు, ఆ గొంతుకి అలవాటు లేనంత మెల్లగా. "మా ఆయనకొచ్చినప్పుడు వెనక రూంల ఉంచినం. పళ్ళెం గుమ్మం కాడ పెట్టి ఇవతలికొస్తుంటి. పిల్లలు చిన్నోళ్ళు, గదే భయం. మందులేస్కున్నడు, తగ్గింది, బయటికొచ్చిండు. కానీ మాట రాలే బిడ్డా. అడిగితే ఊ అంటడు, గంతే. అంతకుముందు బస్సు నడుపుకుంట గూడ ముచ్చట్లు చెప్పేటోడు. జబ్బు పోయింది, మనిషి ఆ రూంలనే ఉండిపోయిండు."

నాకు చావు భయం ఎప్పుడూ అంతగా లేదు. ఆ మాట విన్నాక మాత్రం భయమేసింది. ఎందుకంటే తల ఊపడం నాకూ అప్పటికే అలవాటైపోయింది.

నవంబరు, డిసెంబరు

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం సుగుణమ్మగారు స్టీలు డబ్బాతో వచ్చారు. మెట్ల దగ్గర కరుణగారు కనిపిస్తే "మజ్జిగన్నం" అన్నారట. మూత తీస్తే పొగలు కక్కే మేకకాళ్ళ పాయా. నేను తింటుంటే మంచం మీద నా పక్కనే కూర్చుని "ఏందా డబ్బా, దాంట్ల ఎవరితోటి మాట్లాడతవ్?" అని అడిగారు.

చూపించాను. అప్పట్నుంచి రోజూ వచ్చేవారు. నేను చదివి తెలుగులో చెప్తుంటే ఆవిడ తీర్పులిచ్చేవారు. నా కళ్ళు చూసి జబ్బు పట్టిన మనిషి, ఆటలో మాత్రం ఒక్కటీ సరిగ్గా పట్టలేదు.

"గా ముక్కోడే. మొకం జూస్తే తెలుస్తలేదా?"

"సాక్ష్యం కావాలి ఆంటీ."

"సాక్ష్యమేంది, పడవ లేదన్నడు, బూట్లు తడిగున్నయ్. పెట్టు కేసు."

పెట్టాను. టీ కప్పులో ఒక గుక్క తగ్గింది. "గా చాయ్ మళ్ళ పొయ్యమను," అన్నారు.

అమ్మ మొదట గుమ్మంలోనే నిలబడి వినేది. రెండో వారంలో గుమ్మం దాటి లోపల గోడకానుకుంది. డాక్టరమ్మని అనుమానించే ఘట్టంలో "కాదు కాదు, ఆవిడ అలాంటిది కాదు" అంటూ వచ్చి మంచం చివర కూర్చుంది. కూర్చున్న సంగతి తనకే ఆలస్యంగా తెలిసింది. లేవబోయి, నా మొహం చూసి, మళ్ళీ కూర్చుని నా కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుంది. నేను ఆట ఆపకుండా చదువుతూనే ఉన్నాను.

అంకుల్ కుర్చీ మాత్రం కిటికీ కిందే ఉంది. దాన్ని నేను ఏ లెక్కలోనూ పెట్టలేకపోయాను. దగ్గు కూడా తగ్గిపోయింది, ఇంకేం వింటున్నారు?

డిసెంబరు చలికి అమ్మ కిటికీ మూసేసింది. ఆఖరి ఘట్టం ఆ మూసిన కిటికీ వెనకే ఆడాం. లైట్‌హౌస్ ముసలాయన్ని ఎవరు చంపారో తేలిన రోజు సుగుణమ్మగారు ఆటని నానా మాటలూ అని, చెంగు దులుపుకుని వెళ్ళిపోయారు.

జనవరి

డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసి, ఇక మందులు ఆపొచ్చన్నాడు. ఆటడబ్బా అన్వర్‌కి తిరిగిచ్చేటప్పుడు జబ్బు అసలు పేరు చెప్పాను. అతను దాన్ని చటుక్కున జేబులో వేసుకుని "అయితే క్లాసులకెప్పుడొస్తున్నవ్?" అన్నాడు.

ఆ సాయంత్రం నేనొక్కదాన్నే మెట్లు దిగి కిందికొచ్చాను. గేటు దగ్గర కరుణగారు కూరల సంచితో నిలబడి ఉంది. సుగుణమ్మగారు వాకిలి చిమ్ముతూ నన్ను చూసి, వీధి మొత్తానికి వినపడేలా అడిగారు.

"ఏం బిడ్డా, కామెర్లు తగ్గినయా?"

"తగ్గాయి ఆంటీ."

"దేవునికి స్తోత్రం," అని మళ్ళీ చిమ్మసాగారు. కరుణగారు "ఇకనుంచి నూనె చూసి తినమ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది.

గేటు వైపు రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరిగి చూస్తే అంకుల్. కిటికీ కింద, కుర్చీలో. ఆయన పెదాలు ఒకసారి కదిలి ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"బిడ్డా," అన్నారు. తుప్పు పట్టిన గొంతు. "కిటికీ మూసిండ్రు. నాకు ఆఖరుది వినబడలే. గా లైట్‌హౌస్‌ల ముసలోన్ని ఎవడు చంపిండు?"

చీపురు చప్పుడు ఆగిపోయింది. సుగుణమ్మగారు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు.

పేరు నా నాలిక చివర ఉంది. చెప్పేస్తే ఒక్క మాటలో అయిపోతుంది, ఆయన ఊ అని తల ఊపేస్తారు. నేను వెనక్కి వచ్చి ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

"మీకెవరి మీద అనుమానం అంకుల్?" అన్నాను.

ఆయన కుర్చీని నా వైపు తిప్పుకుని, చెప్పడం మొదలుపెట్టారు.